చుక్కల గీత

ఆదివారం పొద్దున ఆ ఇంట్లో మైదాపిండి రెండు వాటాలయ్యేది. ఒక వాటా వెన్నా చక్కెరా కలుపుకుని బిస్కెట్లయ్యేది. రెండోది నీళ్ళలో ఉడికి అతికించే జిగురయ్యేది. జిగురుకి పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలతుత్తం వేసేవాళ్ళు. అందుకని గిన్నెలు తారుమారు కాకుండా చూసుకోవడమే అక్కడ పిల్లలు నేర్వాల్సిన మొదటి పాఠం. ఆ ఇంటి పిల్లకి వేళ్ళు ఎప్పుడూ ఒకదానికొకటి అంటుకుపోయి ఉండేవి, వీధంతా దాన్ని జిగురు అనే పిలిచేది. బళ్ళో హాజరు తీసుకునేటప్పుడు టీచరు కూడా ఒక్కోసారి నోరు జారి అలాగే పిలిచేది.

జిగురు వాళ్ళమ్మ పిల్లల వారపత్రికకి కత్తిరింపు బొమ్మలు గీసేది. కిరీటం, డబ్బా, గొడుగు, లాంతరు, ఏదైనా సరే ఒక్క కాగితంలో ఇమిడిపోయేలా గీసి, మూలనున్న పాత ప్రింటర్లో అచ్చు తీసేది. ఆ ప్రింటర్‌కి ఒకటి అడిగితే రెండిచ్చే జబ్బుంది. బాగుచేయించరాదా అంటే, "అడిగినదానికంటే ఎక్కువిచ్చేవాళ్ళని ఎవరైనా బాగుచేయిస్తారా?" అని నవ్వేది.

ఆవిడ షీటు కత్తిరించి, మడిచి, అతికిస్తే ఏ బొమ్మైతే ఆ వస్తువయ్యేది. బకెట్టు గీస్తే నీళ్ళు పట్టేది. లాంతరు గీస్తే కరెంటు పోయినప్పుడు వెలిగేది. కాగితం అరచేతంత ఉన్నా, మడత సరిగ్గా కుదిరితే వస్తువు తన కొలత తానే చూసుకునేది. ఎవరూ దాన్ని పెద్ద వింతగా చెప్పుకోలేదు. "షీట్లక్కా, మా గడియ ఊడొచ్చింది, ఒకటి ప్రింటు తీసిపెట్టు" అంటూ వచ్చేవాళ్ళు, పట్టుకెళ్ళేవాళ్ళు. ఫిర్యాదులూ ఉండేవి. రెండో అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ, జిగురు 'కుట్టుపిన్ని' అని పిలిచే ఆవిడ, ఒకసారి కాగితం ఇస్త్రీపెట్టె అతుకు వదిలి ఎవరిదో కొత్త చొక్కా కాలిపోతే, జిగురు పల్చగా కలిపావంటూ ఆ పిల్లతో వారం రోజులు మాట్లాడలేదు.

షీటు చెయ్యాలంటే గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. నిండు గీత కనిపిస్తే కత్తెర, చుక్కల గీత కనిపిస్తే మడత. ఆదివారం వీధి పిల్లలంతా ఆ మూడో అంతస్తు గదిలో నేలమీద చేరి, "గీతైతే కోత, చుక్కలైతే మడత" అని గొంతులు చించుకుంటూ, బిస్కెట్ల పొడి చాపనిండా రాల్చేవాళ్ళు. అక్షరాలు రానివాళ్ళకి కూడా ఆ ముక్క వచ్చు.

ఒప్పుకోనివాడు వీధి మొత్తం మీద ఒక్కడే. ఆ ఇంటాయన, జిగురు వాళ్ళ నాన్న.

ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో కటింగ్ మాస్టర్. కాగితాల కట్ట మిషన్ కింద సర్ది మీట నొక్కితే కత్తి దిగుతుంది, కట్ట మొత్తం వెన్నలా తెగుతుంది. ప్రెస్సులో లెక్క వేరు. అక్కడికొచ్చే రసీదులకీ కూపన్లకీ చుక్కలున్నాయంటే అక్కడ కొయ్యమనే అర్థం. ఏళ్ళ తరబడి ఆ చుక్కల వెంటే ఆయన చూపు నడిచింది. ఎక్కడ చుక్కలు కనబడినా చెయ్యి దానంతటదే దిగేది.

ఒకరోజు ఆ కత్తే ఆయన కుడిచేతి చివరి రెండు వేళ్ళూ పట్టుకుపోయింది. పాపం, బాధే. అమ్మ ఆయన ఎడమచేతి వేళ్ళు కొలిచి, గోళ్ళతో సహా రెండు వేళ్ళు గీసి అచ్చు తీసింది. కణుపు దగ్గరల్లా చుక్కలు పెట్టింది.

"చుక్కల దగ్గర మడవాలండీ. అప్పుడు వంగుతాయి" అంది.

"కాగితం గురించి నువ్వు చెప్తావా నాకు?" అని కత్తెర లాక్కున్నాడు. చుక్కల వెంట చకచకా కోసేశాడు. ఒక్కో వేలూ మూడేసి ముక్కలైంది. జిగురు పూసి ఎంత అతికించినా అవి ముక్కల్లాగే ఉన్నాయి, వేళ్ళు కాలేదు.

"పోనీలెండి, రెండో కాపీ ఉంది. ఈసారి నేను మడిచి..."

ఆ మాట పూర్తికాలేదు. మొదటి చెంపదెబ్బ అదే. రెండో కాపీ చింపి ఆవిడ నోట్లో కుక్కాడు. కావాలనే తప్పుగా గీసిందని ఆయన గట్టి నమ్మకం. నమ్మకం కాదు, ఏడుపు అంటాను నేను. పెళ్ళానికి పదివేళ్ళూ ఉన్నాయని ఒక మొగుడి ఏడుపు.

ఆ తర్వాత స్టీలు స్కేలు వచ్చింది. బల్లపరుపుగా కొడితే వాపు వస్తుంది. అంచుతో కొడితే గీత పడుతుంది. ఆయన అంచుతోనే కొట్టేవాడు. అమ్మ వీపు మీద ఉన్నవన్నీ నిండు గీతలే. దెబ్బల చప్పుడు మొదలవగానే కింద కుట్టుపిన్ని మిషన్ ఒక్క క్షణం ఆగేది, తర్వాత మరింత జోరుగా తిరిగేది. వినలేక అలా తిప్పేదని అనుకుందాం.

ఒక ఆదివారం టీ కొట్టు దగ్గర ప్రెస్సువాడెవడో నోటిదూల ఆపుకోలేక, "మాస్టారూ, మన మిషన్ కంటే మీ ఆవిడ పదివేళ్ళే నయమండీ" అన్నాడు. ఆయన టీ తాగకుండానే ఇంటికొచ్చాడు. ఆయన మొహం చూసిన పిల్లలు కత్తెరలూ బిస్కెట్లూ ఎక్కడివక్కడ వదిలి మెట్లు దిగి పరుగు తీశారు.

అమ్మ అప్పుడే పొయ్యిలోంచి రెండో ట్రే తీస్తోంది. ఆయన ఆవిడ జుట్టు పట్టి వెనక్కి లాగాడు, ట్రే నేలమీద పడింది. ఎడమచెయ్యి గుంజి అరచెయ్యి ఆ కాలే రేకు మీద ఆనించి, పైన మోకాలు పెట్టాడు. చర్మం చుయ్యిమంది. బిస్కెట్ల తియ్యటి వాసనలో ఇంకో వాసన కలిసింది. అమ్మ అరుపుకి గొంతు కూడా లేదు, గాలే వచ్చింది.

జిగురు వెళ్ళి ఆయన చెయ్యి కొరికింది. వేళ్ళు లేని చోట కొరికింది. ఆయన ఒక్క విదిలింపు విదిలిస్తే గోడకి తగిలి కిందపడింది. నోటినిండా నెత్తురు, నాలుక మీద ఊడిన పన్ను.

"నీ తల్లి బుద్ధులే" అన్నాడు దాన్ని చూసి. తర్వాత చాలా నెమ్మదిగా, ప్రెస్సులో పని మొదలుపెట్టే ముందు ఉండే నెమ్మదితో, చెవి మీంచి ఎర్ర పెన్సిలు తీశాడు. అమ్మ కుడిచెయ్యి బల్ల మీద పెట్టి, మణికట్టు చుట్టూ వరసగా చుక్కలు పెట్టాడు.

"ఏం చేస్తున్నారండీ?"

"గుర్తు పెడుతున్నా. ఇవాళ ఆదివారం, మిషన్ ఖాళీ. వాచ్‌మన్ దగ్గర తాళంచెవి తెచ్చుకుని వస్తా. నిన్ను తీసుకెళ్ళి, ఈ చుక్కల మీదే కత్తి దింపుతా. అప్పుడు చూద్దాం నీ పదివేళ్ళు."

తలుపు దగ్గర ఆగి, "నోరెత్తారో, దీని చెయ్యి కూడా" అని కూతుర్ని చూపించాడు. బయట తాళం కప్ప పడిన చప్పుడు.

ఆయన ఉత్తమాటలు చెప్పే మనిషి కాడు. అమ్మకి తెలుసు. తాళం బయటుంది, కాగితంతో తాళంచెవి చేసినా లోపలినుంచి దూర్చడానికి కన్నం లేదు. ఆవిడ గోడకి ఆనుకుని చుక్కలకేసి చూస్తూ కూర్చుండిపోయింది.

జిగురు పాక్కుంటూ వచ్చి అమ్మ చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. నోట్లో నెత్తురుతో మాట సరిగ్గా రావడం లేదు.

"అమ్మా, చుక్కలైతే మడతే కదా" అంది. మణికట్టు దగ్గర పట్టుకుని మెల్లగా వంచింది. చెయ్యి వంగింది. ముందుకి, వెనక్కి. "చూడు, కొయ్యక్కర్లేదు."

అమ్మకి నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది, రెండూ అయ్యాక లేచి నిలబడింది. కాలిన చేతికి తడిగుడ్డ చుట్టుకుంది. కుడిచేత్తో కాగితం తీసుకుని మెట్లు గీసింది. పైనుంచి కిందదాకా చుక్కల గీతలే, చుట్టూ అంచుకి మాత్రం నిండు గీత. ప్రింటర్ గురగురలాడి రెండు కాపీలిచ్చింది.

"ఒంటిచేత్తో మడత కుదరదు, నువ్వు చెయ్యి" అంది.

జిగురు అంచు కత్తిరించింది. ముందుకో మడత, వెనక్కో మడత, గోరుతో గట్టిగా రుద్దుతూ మడిచింది. కాగితం మీద నెత్తురు చుక్కలు పడితే గౌనుతో తుడిచింది. పై అంచుకి చిక్కగా జిగురు పూసి బాల్కనీ పిట్టగోడకి అతికించింది. మడతలు ఒకదాని తర్వాత ఒకటి విచ్చుకుంటూ కింద వాకిలిదాకా దిగాయి.

"ముందు నువ్వు దిగు" అంది అమ్మ.

జిగురు పిట్టగోడ ఎక్కి వెనక్కి చూసింది. అమ్మ రెండో కాపీ తీసుకుని సంచిలో పెట్టబోయి ఆగింది. దాన్ని బల్ల మీద తిన్నగా సర్దింది. దాని మీద కత్తెర పెట్టింది. రోజూ జిగురున్న గిన్నెకి మూత పెట్టే మనిషి, ఆ రోజు పెట్టలేదు. తర్వాత వచ్చి కూతురి వెనకే దిగింది. మెట్లు కిర్రుమనలేదు కూడా.

రెండో అంతస్తు కిటికీ ముందునుంచి వెళ్తుంటే కుట్టుపిన్ని తలెత్తి చూసింది. మిషన్ ఆగింది. ఈసారి మళ్ళీ తిరగలేదు. వాళ్ళు వాకిట్లోకి దిగి, మెట్లు లాగి మడిచేసరికి ఆవిడ కిందికొచ్చి, ఏమీ అడక్కుండా ఇద్దరినీ మెట్లకింద గదిలోకి తోసింది. అప్పుడే గేటు చప్పుడైంది. ఆయన అడుగులు పైకి వెళ్ళాయి.

"తాళం తీసి కొక్కేనికే వేలాడేస్తాడు, నాకు తెలుసు" అంది కుట్టుపిన్ని గుసగుసగా. చెప్పులు విడిచి పైకెళ్ళింది. కాసేపటికి పైన తాళం కప్ప పడిన చప్పుడు వినిపించింది. ఇన్నాళ్ళూ మిషన్ తిప్పినావిడే ఆ పని చేసింది. తిరిగొచ్చి, చీర చెంగుతో మొహం తుడుచుకుంటూ, "పదండి, పోలీస్ స్టేషన్‌కి. నేనూ వస్తా" అంది.

ముగ్గురూ వాకిలి సగం దాటేసరికి పైన బాల్కనీలోంచి కేక.

"ఎక్కడికే? ఆగు! తలుపు ఎవడు మూశాడు?"

ఆయన లోపలికెళ్ళాడు, తలుపు దబదబా బాదాడు. కుర్చీ విరిగిన చప్పుడు, ప్రింటర్ నేలకేసి కొట్టిన చప్పుడు. తర్వాత నిశ్శబ్దం. మళ్ళీ బాల్కనీలోకి వచ్చినప్పుడు ఒక చేతిలో కాగితం ఉంది, ఇంకో చేతిలో కత్తెర. మూడువేళ్ళ చెయ్యి చుక్కల వెంట ఎంత చక్కగా నడిచిందో. వంక లేని కోత. ఆ పనితనానికి లోటు లేదు.

జిగురు గిర్రున తిరిగింది.

"నాన్నా! చుక్కల దగ్గర కొయ్యకు! మడవాలి!"

ఆయన తలెత్తి చూశాడు.

"నాన్నా, మడతే! చుక్కలైతే మడత!" అంటూ నోట్లోంచి నెత్తురు తుళ్ళేలా అరిచింది.

"నువ్వు చెప్తావా నాకు?" అన్నాడు ఆయన.

అమ్మ నోరు తెరవలేదు. కాలిన చెయ్యి గుండెకి ఆనించుకుని నిలబడి చూసింది.

ఆయన ముక్కలన్నీ ఒకదాని కింద ఒకటి జిగురుతో అంటించి పిట్టగోడ మీంచి కిందికి వదిలాడు. చూడ్డానికి మెట్లలాగే ఉన్నాయి. గోడ దాటి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. ఆగింది. రెండోదీ ఆగింది. "చూశావా?" అన్నాడు కిందికి చూసి. మూడో మెట్టుకీ నాలుగో మెట్టుకీ మధ్య మడత లేదు.

వాకిలి సిమెంటు మీద తల ముందు తగిలింది. ఎవరో నిండు బిందె వదిలేసినట్టు చప్పుడు. నెత్తురు చాలా దూరం పాకింది. కాగితం ముక్కలు మాత్రం తీరిగ్గా, ఒక్కొక్కటే గిరగిరా తిరుగుతూ తర్వాత వచ్చి చుట్టూ పడ్డాయి.

కానిస్టేబుల్ వచ్చాడు. ముక్కలు ఏరి వెలుతురుకి పట్టి చూశాడు. "చుక్కల దగ్గర కోశాడా?" అని నాలుక చప్పరించాడు. "మా చిన్నదానికి కూడా తెలుసే ఇది." చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. అమ్మ చేతినీ, పిల్ల నోటినీ చూశాక కానిస్టేబుల్ ఇంకేమీ అడగలేదు.

సాయంత్రం కుట్టుపిన్ని గదిలో అమ్మ చేతికి కట్టు కట్టారు. జిగురు పక్కనే కూర్చుని, ఊడిన పన్ను గుప్పిట్లో తిప్పుతూ ఉంది. తర్వాత అడిగింది.

"అమ్మా, నేను అరిచాను కదా?"

"అరిచావమ్మా. అందరం విన్నాం."

"ఆ కాగితం మీద కత్తెర ఎందుకు పెట్టావు?"

"గాలికి ఎగిరిపోకుండా."

"ఇవాళ గాలి లేదు కదా అమ్మా."

అమ్మ తలుపువైపు తిరిగింది. తలుపవతల వాకిలి కడుగుతున్న నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. జిగురు అమ్మ మొహంలోకి చూసింది, తర్వాత కుడిచేతికేసి చూసింది. ఎర్ర చుక్కలు ఇంకా అలాగే ఉన్నాయి. తడిగుడ్డ తెచ్చి అమ్మ మణికట్టు ఒళ్ళో పెట్టుకుని, వాటిని ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టింది.