తొమ్మిదో ప్రశ్న

జెచోన్ నుంచి పక్క ఊరు వొంజుకి బస్సులో గంట కూడా పట్టదు. ఆ కాసేపట్లోనే ఉన్‌సిల్ తన జబ్బు లక్షణాలను మూడుసార్లు వల్లె వేసుకుంది. రాత్రి నిద్ర పట్టదు, పట్టినా మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. అన్నం సహించదు. స్నానానికి లేవాలంటే గంట పడుతుంది. ఏమడిగినా నోట్లోంచి వచ్చే మాట ఒక్కటే, "తెలీదు."

నిజానికి అవేవీ ఆమె లక్షణాలు కావు. పదిహేడేళ్ళ కూతురు హారిమ్‌వి.

ఈ ఉపాయం అక్క ఓక్‌బున్‌ది. నాలుగు రోజుల క్రితం ఫోన్‌లో చెప్పింది.

"పిల్ల పేరు మీద మతి డాక్టరు చీటీ ఒక్కటి పడిందంటే ఇంక అంతేనే. ఉద్యోగమిచ్చేవాడు చూస్తాడు, సంబంధం వాళ్ళు చూస్తారు, బీమావాడు అందరికంటే ముందు చూస్తాడు."

"నిజంగా చూస్తారంటావా అక్కా?"

"చూడరని నీకెవరైనా రాసిచ్చారా? పక్క ఊరికి పో. నీ పేరు చెప్పి, దాని బాధలు చెప్పి, మందులు తెచ్చి దానికి పెట్టు. నీకేం, నలభై ఏడేళ్ళొచ్చాయి, పెళ్ళయింది, ఉద్యోగం లేదు. నీకు మతి చెడిందని రాసుకుంటే ఎవడికి నష్టం?"

"మా ఆయన ఏమనుకుంటాడే?"

"ఆయన ఆ సంగతి ఎప్పుడో అనుకుని ఉంటాడులే!" అని అక్క నవ్వింది. ఉన్‌సిల్‌కి కూడా నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక ఇల్లు మరీ నిశ్శబ్దంగా అనిపించింది.

హారిమ్ బడికి వెళ్ళక పందొమ్మిది రోజులు. క్లాసు టీచరుకి కడుపులో పుండు అని చెప్పింది ఉన్‌సిల్. దక్షిణాన ఓడల కర్మాగారంలో పనిచేస్తూ నెలకి రెండుసార్లు వచ్చే భర్తకీ అదే చెప్పింది. ఎదురు ఫ్లాటు ఆవిడకీ అదే. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందని ఊరుకుంది. కానీ ఒక్క అబద్ధాన్ని పందొమ్మిది రోజులు మోయడం తేలిక కాదు. ఎదురింటావిడ గుమ్మడికాయ జావ తెచ్చింది. పై అంతస్తు ఆవిడ పైన్ గింజల జావ తెచ్చింది. ఉన్‌సిల్ ఆ గిన్నెలను శుభ్రంగా తోమి, ఖాళీగా ఇవ్వకూడదు కనుక తలో నాలుగు పండ్లు పెట్టి తిరిగిచ్చింది. జావలన్నీ తనే తాగింది. కడుపు బాగానే ఉన్న పిల్ల మాత్రం గది తలుపు వేసుకుని గోడవైపు తిరిగి పడుకునేది.

క్లినిక్ బట్టల దుకాణం పైన, మూడో అంతస్తులో ఉంది. అక్కడ కూర్చున్న ఆరుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఉండటానికి నేలనూ, చేపల తొట్టినీ చూపులకి పంచుకున్నారు. ఉన్‌సిల్‌కి నేల దక్కింది.

"సాంగ్ ఉన్‌సిల్ గారూ!"

ఆమె ఉలిక్కిపడింది. పదిహేడేళ్ళుగా అందరికీ ఆమె హారిమ్ వాళ్ళమ్మే. ఈ పేరుతో ఎవరైనా ఇంత గట్టిగా పిలిచి ఎన్నేళ్ళయిందో.

పిలిచిన క్లినిక్ అమ్మాయి చేతికిచ్చిన కాగితం మీద తొమ్మిది ప్రశ్నలున్నాయి. గత రెండు వారాల్లో ఇలా ఎన్ని రోజులు అనిపించింది? నిద్ర, ఆకలి, నీరసం. ఉన్‌సిల్ చకచకా గీతలు పెట్టుకుంటూ పోయింది. పరీక్షకి బాగా చదివి వచ్చినదానిలా కాస్త ధైర్యం కూడా వచ్చింది. తొమ్మిదో ప్రశ్న దగ్గర పెన్ను ఆగిపోయింది. చచ్చిపోతే బాగుండునని అనిపించిందా?

ఎవరికి? తనకైతే లేదు. హారిమ్‌కి? ఉన్‌సిల్ ఆ ప్రశ్నను మళ్ళీ చదివింది. తర్వాత "లేదు" అన్నచోట గీత పెట్టింది. గీత సన్నగా, ఏ క్షణాన్నైనా చెరిపేసేలా పడింది.

డాక్టరమ్మకి అరవై ఉండవచ్చు. జుట్టుకి రంగు వేసుకోలేదు. కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి కాగితం చూసింది.

"ఎప్పటినుంచి ఇలా ఉంది?"

"మొన్న మే నెల పరీక్షలప్పటినుంచండీ. మార్కులు తగ్గాయి. అప్పటినుంచే..."

డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టింది.

"మీకు నలభై ఏడేళ్ళు కదమ్మా. ఏం పరీక్షలు రాశారు?"

ఉన్‌సిల్ చెవులు వేడెక్కాయి. ఏదో చెప్పబోయింది.

"సిగ్గుపడకండి," అంది డాక్టరమ్మ. "వారానికొకరైనా మీలా వస్తారు. పోయిన నెల ఒకావిడ, మీకంటే పెద్దావిడే, సైనిక శిబిరంలో పైవాళ్ళు తనని ఏడిపిస్తున్నారని ఏడ్చింది. చూద్దును కదా, ఆవిడ మోకాళ్ళకి పట్టీలు! సైన్యంలో ఉన్నది కొడుకట."

ఉన్‌సిల్ నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. డాక్టరమ్మ కాగితపు రుమాళ్ళ పెట్టె ముందుకి జరిపి, ఆమె ముక్కు చీదుకునేదాకా ఊరుకుంది.

"అబ్బాయా, అమ్మాయా?"

"అమ్మాయండీ. పేరు..." అని ఆగిపోయింది.

"పేరు ఇప్పుడొద్దులెండి. మీ భయం నాకు తెలుసు. అమ్మాయి ఒప్పుకోనిదే ఏ కంపెనీ మా కాగితాలు చూడలేదు. బీమావాళ్ళు అడగొచ్చు, కాదనను. దాని సంగతి దాని వేళకి చూసుకోవచ్చు. ఈ తొమ్మిదోదానికి లేదని పెట్టారు. ఆ అమ్మాయిని అడిగే పెట్టారా?"

"అడగలేదు."

"ఎందుకని?"

"అలాంటి మాట అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదా?"

"అడిగితే పుట్టదమ్మా. ఉంటే బయటికొస్తుంది. మీరు అడగనంత కాలం ఆ పిల్ల దానితో ఒక్కతే ఉంటుంది." ఆ మాట ఆవిడ మెల్లగా, ఇంటికి దారి చెప్పినట్టు చెప్పింది. "మీకు రాసిన మందు ఆమెకి పెట్టడం ప్రమాదం. రాయను. ఇంటికెళ్ళండి. డొంకతిరుగుడు లేకుండా అడగండి. ఉందంటే తిట్టకండి, ఒట్టు వేయించుకోకండి, మేమేం తక్కువ చేశామని ఏడవకండి. అలా ఏడిస్తే మిమ్మల్ని ఓదార్చే పని కూడా ఆ పిల్లమీదే పడుతుంది. ఒంటరిగా వదలకండి. నాకు ఫోన్ చేయండి, ఏ వేళైనా సరే. ఇప్పుడే ఏదో చేసుకునేలా ఉందనిపిస్తే నాకోసం చూడకుండా ఎమర్జెన్సీకి చేయండి."

తిరుగు ప్రయాణంలో ఉన్‌సిల్ ఒక్క ప్రశ్నే వల్లె వేసుకుంది. బస్సులో పక్క సీటు ఖాళీ. కిటికీ అవతల మొక్కజొన్న చేలు వచ్చి పోతున్నాయి. ఒక్కోసారి పెదవులు కదిలేవి. వెనక సీటు ముసలాయన ఈమె తనతోనే మాట్లాడుతోందనుకుని "ఆఁ?" అన్నాడు. "ఏం లేదు తాతగారూ," అంది.

ఇంటికి చేరేసరికి మూడు దాటింది. పొద్దున పెట్టి వెళ్ళిన అన్నం మీద మూత తీయనే లేదు. చేతులు కడుక్కుంది. ఇంకోసారి కడుక్కుంది. తర్వాత తలుపు తట్టి లోపలికి వెళ్ళింది.

హారిమ్ గోడవైపు తిరిగి ఉంది. ఉన్‌సిల్ మంచం మీద కాకుండా నేలమీది చాపపై కూర్చుంది.

"వొంజు వెళ్ళొచ్చాను. మనసు డాక్టరు దగ్గరికి."

వీపు కదల్లేదు. మాట మాత్రం వచ్చింది. "నీకేమైంది?"

"నాకేం కాలేదు. నీ బాధలు నావని చెప్పాను. పరీక్షలు రాశానని నోరు జారి దొరికిపోయాను."

ఆ వీపు ఒకసారి చిన్నగా అదిరింది. నవ్వో, మరేదో తెలియలేదు.

"అమ్మా, నిజంగానా?"

"నిజంగానే. ఆవిడ ఒకటడిగింది. నాకు జవాబు తెలీలేదు. అందుకని నిన్నడుగుతున్నాను." మంచం దగ్గరికి జరిగి అడిగింది. "చచ్చిపోతే బాగుండునని నీకు అనిపిస్తోందా?"

కింద ఎవరో కారు వెనక్కి తీస్తున్నారు. ఆ పీప్, పీప్ చప్పుడు ఆగిపోయింది.

"అనిపిస్తుంది," అంది హారిమ్. "రోజూ కాదు. చాలా రోజులు."

మేమేం తక్కువ చేశామే అన్న మాట ఉన్‌సిల్ నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళ వెనకే ఆగిపోయింది. దాన్ని అక్కడ ఆపడానికి రెండు చేతులతో చాప అంచు పట్టుకోవలసి వచ్చింది.

"ఇప్పుడు కూడానా?"

"ఇప్పుడు లేదు. ఇప్పుడు ఉత్త అలసటే."

"ఎలా చేసుకోవాలని కూడా అనుకున్నావా?"

"లేదు. లేకుండా పోతే చాలనిపిస్తుంది అంతే." హారిమ్ మొదటిసారి ఇటు తిరిగింది. చెంపమీద దిండు ముడతల గీతలు. "కోప్పడవా?"

"కోప్పడను. చెప్పావు. మంచిపని చేశావు."

"నువ్వు ఏడుస్తావనుకున్నా."

"అక్కడ ఏడ్చేసి వచ్చాను."

ఉన్‌సిల్ ఫోన్ తీసింది. వరండాలోకి పోలేదు, తలుపూ వేయలేదు. కూతురు చూస్తుండగానే క్లినిక్‌కి చేసింది.

"రేపు రావాలండీ. లేదండీ, నాకు కాదు. మా అమ్మాయికి. బాన్ హారిమ్." అవతలివాళ్ళకి వినపడలేదు. ఈసారి వాళ్ళ నాన్న ఇంటిపేరుతో సహా, ఎదురు ఫ్లాటుకి వినపడితే పడనీ అన్నంత గట్టిగా చెప్పింది. "బాన్, హారిమ్!" పుట్టిన తేదీ కూడా చెప్పింది. తొమ్మిదీ నలభైకి రమ్మన్నారు. డాక్టరమ్మ కూడా ఫోన్ అందుకుని రెండు ప్రశ్నలడిగి, రాత్రికి దగ్గరే ఉండమంది.

"నేను వస్తానన్లేదు," అంది హారిమ్.

"అన్లేదు."

"రాకపోతే?"

"ఆవిడ్నే ఇక్కడికి రమ్మంటాను. ఆవిడా రాకపోతే నిన్ను మళ్ళీ అడుగుతాను. రేపూ, ఎల్లుండీ."

హారిమ్ కళ్ళు మూసుకుంది. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. ఉన్‌సిల్‌కి ఇప్పుడు ఎవరికైనా ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాలనిపించింది. అక్కకి చెబితే తిడుతుంది. భర్త షిఫ్టులో ఉంటాడు. ఆయనకి సాయంత్రం చెప్పాలి, మొదటినుంచీ చెప్పాలి. అప్పటిదాకా ఈ మాటను మోసేది తనొక్కతే. ఇంతకాలం ఈ పిల్ల కూడా ఇలాగే మోసిందన్నమాట, దీనికంటే బరువైనదాన్ని.

లేచి తన గదిలోంచి పరుపూ దిండూ తెచ్చింది. మంచానికీ బల్లకీ మధ్య ఉన్న జాగాలో పరిచింది. పరుపు పట్టలేదు. ఒక అంచు మడిచి వేసింది.

"అమ్మా, నువ్వు గురక పెడతావు."

"పెడతాను. పెడితే కాలితో తన్ను."

"తన్నినా లేవవు."

"లేచేదాకా తన్ను," అంది ఉన్‌సిల్. ఇంకా నాలుగైనా కాలేదు. తెర వెనక ఎండ పచ్చగా ఉంది. ఆమె దుప్పటి కప్పుకోకుండానే వెల్లకిలా పడుకుని, మంచం మీది ఊపిరిని వింటూ ఉండిపోయింది.