తాళం ఎవరి చేతిలో ఉంది

అంబులెన్సు పిలుపులు అందుకునే కంప్యూటర్ పొద్దున ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. కాసేపే. ఆ కాసేపట్లో ఒక ముసలాయన ఇంటికి బండి వెళ్ళలేదు. ఆయన పోయాడు.

ఆగిపోయిన కంప్యూటర్‌కి పోస్టుమార్టం చేసే పనిముట్టుని, దాని ప్రోగ్రాములు రాసే ఆఫీసులో ఒకామె చూసుకుంటుంది. ఆ పనిముట్టు, ఆగిన క్షణాన మెమరీలో ఉన్నదంతా చదివి, ప్రోగ్రాములన్నీ వంతులవారీగా వాడుకోవాల్సిన తాళాన్ని వదలకుండా పట్టుకు కూర్చున్న ప్రోగ్రాం ఏదో చెబుతుంది. ఈసారి కొత్తగా చేరిన అమ్మాయి రాసినదాని పేరు చెప్పింది. ఇంకేం, ఆఫీసంతా హమ్మయ్య అనుకుంది. కొత్తవాళ్ళ నెత్తిన రుద్దడమంత సులువైన పని ఇంకోటి లేదు. ఆ పిల్ల సంచి సర్దుకుంటోంది.

పనిముట్టు చూసుకునే ఆమెకి మాత్రం ఒక అంకె మింగుడుపడలేదు. తాళం కోసం కోట్ల ప్రోగ్రాములు ఎదురుచూస్తున్నాయట! ఆ కంప్యూటర్లో మొత్తం నడిచేవే గుప్పెడు.

కంప్యూటర్‌ని లోపలినుంచి నడిపే కెర్నెల్‌ని ఈమధ్యే మార్చారు. దాన్ని రాసే మహానుభావులు లోపలి అమరిక ఎప్పుడు మారుస్తారో ఎవరికీ చెప్పరు. వాళ్ళ వెంటపడి పనిముట్టుని సరిచేసుకోవడమే ఆమె ఉద్యోగం. తెరిచి చూస్తే, మెమరీలో గడుల వరుస మధ్యలో కొత్త గడి ఒకటి చేరింది, మిగతావన్నీ పక్కకి జరిగాయి. పనిముట్టు పాత చోటే చూసి, తాళం పట్టుకున్నదాని పేరు బదులు, దానికోసం ఎదురుచూస్తున్న కొత్తమ్మాయి ప్రోగ్రాం పేరు చదివి నేరం దానిమీద వేసింది.

సరిచేసి మళ్ళీ నడిపింది. ఈసారి బావ రాసిన ప్రోగ్రాం పేరొచ్చింది.

అక్క మొగుడు, ఇదే ఆఫీసు. ఈ పని ఓనమాలనుంచి నేర్పినవాడు. ఆమెకి ఏడుపొచ్చింది. సరిచేసింది చెరిపేస్తే పనిముట్టు పాత మాటే చెబుతుంది, ఎవరు చూడొచ్చారు? అక్క ముఖం కళ్ళముందు కదిలింది. అలా అనుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"బావా, ఒకసారి ఇటు రండి."

అతను వచ్చి చదివాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మళ్ళీ నడుపు."

నడిపింది. అదే పేరు.

"నువ్వు సరిచేసింది సరిగ్గానే ఉందా, అమ్మాయ్?"

"ఉంది, బావా."

"ఆ పోయిన పెద్దాయన ఇంట్లో ఎవరున్నారో కనుక్కో. నేనే వెళ్తాను," అన్నాడు.

తర్వాత లేచి కొత్తమ్మాయి దగ్గరికి నడిచాడు. ఆ పిల్ల సంచిలో పైనే ఉన్న టీ కప్పు తీసి, మళ్ళీ బల్లమీద పెట్టాడు.

"నువ్వు కాదమ్మా," అన్నాడు. "నేను."