కిటికీ కనపడగానే కుడికి

డ్రైవింగ్ మాస్టారు ఇల్లు అమ్మకానికి పెట్టారు. మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదు. కూతురు ఉండే వీధిలోనే కింది అంతస్తులో చిన్న వాటా ఒకటి దొరికింది. ఇల్లు చూడవచ్చిన వాళ్ళందరికీ నచ్చుతోంది. చిక్కల్లా ఇంటి పక్కనున్న కారు జాగాతోనే. దస్తావేజుల్లో అది మాస్టారిది. ఎనిమిదేళ్ళుగా అందులో ఉంటున్నది మాత్రం పక్కింటి టైలరమ్మ నీలం కారు. డ్రైవింగ్ స్కూలు కారు అమ్మేశాక జాగా ఖాళీగా ఉందని ఆయనే పెట్టుకోమన్నారు.

కళ్ళజోళ్ళ షాపాయన బేరం కుదుర్చుకున్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు. "జాగా మీద హక్కు లేదని ఆవిడ చేత రాయించండి. లేకపోతే నా కారు నెత్తిన పెట్టుకోనా?"

మాస్టారు టైలరమ్మ కొట్టుకు వెళ్ళి విషయం చెప్పారు. ఆమె కుట్టుమిషను ఆపనైనా ఆపలేదు.

"ఎనిమిదేళ్ళుగా పెడుతున్నాను మాస్టారూ. ఇప్పుడది నాదే."

"పెట్టుకోమన్నాను గానీ రాసివ్వలేదు కదమ్మా!"

"మాటంటే మాటేగా?"

మర్నాడు ఆమె కొట్టుకు వెళ్ళగానే మాస్టారు జాగా నిండా పూలకుండీలు పేర్చారు. సాయంత్రం ఆమె వచ్చి, ఒక్కో కుండీనీ ఎత్తి ఆయన గుమ్మం ముందు పెట్టి, తీరిగ్గా నీళ్ళు కూడా పోసి, కారు పెట్టుకుంది. ఆ మర్నాడు తాడు కట్టారు. టైలరు దగ్గర కత్తెరకు కొదవా? "ఈ వయసులో ఈ తగువేమిటండీ" అని మాస్టారి భార్య ముక్కున వేలేసుకుంది.

ఆయనకు అర్థం కానిది ఒకటుంది. టైలరమ్మ ఇంటికి అవతలివైపు ఇంతకంటే వెడల్పైన జాగా ఉంది. ఎండుటాకులు తప్ప అందులో ఏమీ లేవు. మూడోరోజు ఉండబట్టలేక ఆ మాటే అడిగేశారు.

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నాకు అక్కడ పెట్టడం రాదు మాస్టారూ."

"నేను నేర్పానుగా!"

"ఏం నేర్పారు? మీ వంటింటి కిటికీ అద్దంలో కనపడగానే కుడికి పూర్తిగా తిప్పమన్నారు. నా వైపు కిటికీ ఎక్కడుంది? ఉన్నదంతా గోడే!"

"మరి కొట్టు దగ్గర?"

"వీధి చివర మైదానంలో వదిలేసి నడిచి పోతాను. సినిమాకైతే బస్సే."

మాస్టారు ముప్పై ఏళ్ళపాటు వందలమందికి ఆ కిటికీ చూపించే నేర్పారు. వాళ్ళంతా కిటికీలు వెతుక్కుంటూ తిరుగుతున్నారేమోనన్న ఆలోచన రాగానే ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

మర్నాడు పొద్దున్నే ఆమె కారులో పక్కసీట్లో కూర్చున్నారు. "కిటికీ మర్చిపో. వెనక చక్రం ఎటు పోతోందో చూడు." మొదటిసారి చెత్తడబ్బా పడింది. దాన్ని లేపి నిలబెట్టారు. రెండోసారీ అదే పడింది. గదుల కొలతలు తీసుకోవడానికి వచ్చిన కళ్ళజోళ్ళ షాపాయన టేపు చేత్తో పట్టుకుని వినోదం చూస్తూ, "ఇంకొంచెం ఎడమకమ్మా!" అన్నాడు.

"మీరు ఊరుకోండి! మాకు మాస్టారున్నారు" అని కసిరింది టైలరమ్మ.

నాలుగు రోజులు పట్టింది. ఐదోరోజు నీలం కారు గోడకు జానెడు దూరంలో తిన్నగా ఆగింది. ఆమె దిగి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఇది నేనే పెట్టానా?" అంది. కాగితం తెప్పించుకుని బానెట్ మీదే సంతకం చేసింది.

మాస్టారు ఆ సంతకం వైపు చూడనైనా లేదు. కారునే చూస్తూ నిలబడ్డారు. ఆ రోజంతా భార్యతో ఒకటే మాట: "ఇన్నేళ్ళకు నా శిష్యుల్లో ఒకరికి కారు పెట్టడం వచ్చిందే!"