రాసిచ్చిన ప్రసంగం

సాయంత్రం ఆమె మొగుడి చొక్కా ఇస్త్రీ చేస్తుంటే పార్టీ నాయకుడి ఫోను వచ్చింది. "రేపు సభలో ఆ మరుగుదొడ్ల సంగతి నేనే మాట్లాడతానమ్మా. నువ్వు రాసిపెట్టు. నీ చెయ్యి పడితే ఆ అందమే వేరు."

ఇరవై రెండేళ్లు పత్రికలో ఆమె చేసిందీ అదే. ముందు విలేకరులందరి వార్తలూ దిద్దింది. సంపాదకురాలయ్యాక రోజూ సంపాదకీయం రాసింది. దాని కింద పేరు వేసే ఆచారం లేదు. బాగుందంటే యజమాని రాశాడనుకునేవారు జనం. ఆయనా కాదనేవాడు కాదు. మన మాట మన నోటితోనే చెబుదామని శాసనసభ ఎన్నికల్లో నిలబడి గెలిచింది. తీరా చూస్తే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. ఏడాదిన్నరగా తీర్మానాలు రాయమంటారు, సమావేశంలో ఎవరేమన్నారో రాయమంటారు. మాట్లాడమని మాత్రం అనరు.

మార్కెట్లో కూరగాయలమ్మే ఆడవాళ్లు వెళ్లడానికి చోటు లేక రోజంతా నీళ్లు తాగకుండా కూర్చుంటారని పదకొండు మార్కెట్లు తిరిగి తెలుసుకున్నది ఆమె. మూడుసార్లు అడిగి రేపు సభలో మాట్లాడే వంతు తెచ్చుకున్నదీ ఆమే.

"ఎవరు మాట్లాడితే ఏం, పని జరగాలి గానీ," అన్నాడు భర్త, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"పెద్దాయన అడిగాడు, రాసిస్తే నీ సొమ్మేం పోయింది? ముందా గిన్నెల సంగతి చూడు," అంది అత్తగారు.

కోపం వచ్చింది. దానికంటే అలసట ఎక్కువ వచ్చింది. గిన్నెలు తోమి, చేతులు తుడుచుకుని, రాయడానికి కూర్చుంది.

నాయకుడికో అలవాటుంది. రాసిచ్చింది ముందుగా చదువుకోడు, సభలో లేచాకే కాగితం విప్పుతాడు. ఒకసారి ఆమె కాగితం అంచున "ఇక్కడ మంచినీళ్లు తాగండి" అని రాసిపెడితే అదీ గంభీరంగా చదివేశాడు. సభలో సగంమంది గ్లాసులందుకున్నారు. ఆ రోజు ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. ఇప్పుడు కలం ఆపి ఆ సంగతే తలుచుకుంది.

మర్నాడు ఆయన బ్రహ్మాండంగా అందుకున్నాడు. నాలుగు వాక్యాలయ్యాక, అదే గొంతుతో, "పదకొండు మార్కెట్లు తిరిగి ఈ కష్టం తెలుసుకున్నదీ, ఈ ప్రసంగం రాసిందీ మా సభ్యురాలు. నా సమయం ఆవిడకిస్తున్నాను. ఇక ఆవిడే మాట్లాడతారు," అని చదివాడు.

చదివాక కాగితం తిప్పి చూసుకున్నాడు. వెనక ఏమీ లేదు. సభాపతి సరేనన్నట్టు తలూపాడు. ఆమె అప్పటికే లేచి నిలబడింది, చేతిలో ఏ కాగితమూ లేకుండా.