మొదటి బంతి

అది 1997. హోసూరు బస్టాండు ఎదుట భువన ఎస్టీడీ బూత్ నడిపేది. జవళగిరిలో పలకలు వాయించే అంజనప్ప బృందానికి ఫోను ఎక్కడిది? పెళ్ళివాళ్ళకు వాళ్ళు ఆమె నంబరే ఇచ్చేవాళ్ళు. అలా కబుర్లు అందిస్తూ అందిస్తూ రెండేళ్ళలో పాటగాళ్ళకు, కోలాటం వాళ్ళకు కూడా కార్యక్రమాలు కుదిర్చే ఏజెంటయింది. "ఆడదానికి ఈ బ్రోకరు పనేమిటి!" అని ముక్కున వేలేసుకున్నవాళ్ళే, ఇంట్లో పెళ్ళి కుదరగానే బూత్ ముందు నిలబడేవాళ్ళు.

సూళగిరిలో ఆమె మేనమామ జయరామప్ప పెద్ద రైతు. ఆయన మెచ్చితే ఆ చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ భువనవే. ఆయన కూతురి పెళ్ళికి అంజనప్ప బృందాన్ని పిలిపించింది. ఊరేగింపులో ఆ పలకలు మోగుతుంటే ముసలివాళ్ళు సైతం చిందేశారు. "మా భువన ఏర్పాటప్పా ఇదంతా!" అని జయరామప్ప మీసం మెలేశాడు. భువన పొంగిపోయింది.

మధ్యాహ్నం చప్పరం కింద మొదటి బంతిలో, చుట్టాల నడుమ కూర్చుంది. విస్తరిలో తియ్యటి ఓబట్టు పడింది. తలెత్తి చూస్తే, ఎంగిలాకులు పారేసే చోట అంజనప్ప వాళ్ళు నిలబడి ఉన్నారు. అందరూ తిన్నాకే వాళ్ళకు. ఏ పెళ్ళిలోనైనా అంతే. "కొంచెం సర్దుకోండప్పా" అని ప్రతిసారీ చెప్పింది తనే! సిగ్గుతో చచ్చిపోయింది.

విస్తరి ముందు నుంచి లేచి నిలబడింది. పెళ్ళివారికి అంతకన్నా అవమానం ఉంటుందా! జయరామప్ప పరుగున వచ్చాడు.

"ఏమైంది భువనా? అన్నం కాడ లేస్తావా?"

"వాళ్ళు నేను పిలిస్తే వచ్చినారు మామా. వాళ్ళకూ ఈడ ఆకెయ్యండి, అప్పుడు కూర్చుంటా."

"నలుగురూ ఏమనుకుంటారు? ఇంక ఈ తట్టు ఒక్క పెండ్లికి నిన్ను పిలవనియ్యను, చూడు!"

"పిలవొద్దులే మామా. పొద్దున వాళ్ళ పలకకు చిందేసినప్పుడు నలుగురూ ఏమీ అనుకోలేదే?"

బంతిలో ఉన్న జయరామప్ప తల్లి, భువనకు అమ్మమ్మ, తన విస్తరి పక్కకు లాక్కుంది. "బిడ్డ అడిగింది న్యాయమేరా జయరామా. జరగండప్పా, తావియ్యండి."

ఇద్దరు ముఖం మాడ్చుకుని లేచిపోయారు. మిగతావాళ్ళు జరిగారు.

అంజనప్ప దగ్గరికొచ్చి గొణిగాడు. "మా కోసరం నీ పని చెడగొట్టుకుంటావా తల్లీ?"

"నా పనే ఇదప్పా. రా, కూర్చో."

ఏజెంటునని ఆమె గర్వంగా అనుకున్నది ఆ రోజే. చదువరులారా, ఒక మనిషి విద్యకు చప్పట్లు కొట్టి, అన్నం దగ్గర ఆ మనిషిని దూరం పెట్టేది మర్యాద కాదు, మన తప్పు.