మైకు మామ గొంతూ, గార్డుగారి ఒంటిపనీ

నోటిమాటతో రైలును ఆపిన మనిషిని మీరెవరూ చూసి ఉండరు. నేను చూశాను. మా వీధిలో అందరూ మైకు మామ అని పిలిచే ఆ పెద్దమనిషి ఉద్యోగమంతా రైలు స్టేషనులో మైకు ముందే గడిపాడు. ఆయన గొంతు సవరించుకుంటే బల్ల మీద గుర్రుపెడుతున్న కూలీ లేచి కూర్చునేవాడు. చంటిపిల్ల ఏడుపు మింగేసేది. గాలిలా వస్తున్న రైలు ఆయన చెప్పిన చోట కిక్కురుమనకుండా ఆగేది. అదే గొంతుతో, ఉద్యోగం నుంచి దిగిపోయాక, గుప్పెడంత కుక్కపిల్ల చేత చెప్పిన చోట, చెప్పిన క్షణాన ఒంటికి పోయించాడు. బడిలో మా పంతులుగారు మా చేత కూడా చేయించలేకపోయిన పని అది.

ఆయన దిగిపోయిన మర్నాడే ఆయన చోట ఒక యంత్రాన్ని కూర్చోబెట్టారు. అది దగ్గదు, తుమ్మదు, టీ అడగదు. ఇంటికొస్తే అత్తయ్య కుట్టుమిషను. మామ ఏదైనా మొదలుపెడితే ఆమె "ఏమంటున్నారు?" అని మర్యాదగా అడిగి, జవాబు వచ్చేలోపు ఒక జేబు కుట్టేసేది. అంతమందిని పరుగులు పెట్టించిన గొంతు ఇంటి ముందు పోయే కూరగాయలమ్మిని కూడా ఆపలేకపోయింది.

అలాంటి రోజుల్లో ఒక వాన పూట తెల్లటి కుక్కపిల్ల ఒకటి గేటు సందులోంచి దూరి వచ్చింది. తిన్నగా మిషను కిందికి పోయి, కత్తిరింపు ముక్కల మీద ముడుచుకుని పడుకుంది. నెత్తిన మిషను దడదడలాడుతున్నా కన్ను తెరవలేదు. ఎంత ధైర్యం చూడమని మామ మురిసిపోయి, దానికి గార్డు అని పేరు పెట్టాడు.

ఇల్లు అద్దెది. పైన ఇంటావిడ ఉంటుంది. అంతకుముందు అద్దెకున్నవాళ్ళ కుక్క ఆమె మెట్లను కాలువ చేసి పోయింది. ఆమె దిగివచ్చి, గుమ్మంలో నిలబడి గార్డును ఎగాదిగా చూసింది. తనకు కుక్క మీద కోపం లేదనీ, మెట్ల మీద ప్రేమ ఉందనీ చెప్పి పోయింది.

మామకు అర్థమైంది. గార్డు నిద్ర లేవగానే ఎత్తుకుని పరిగెత్తేవాడు. పాలు తాగగానే మళ్ళీ పరుగు. గేటు పక్కన, నీళ్ళ మీటరు దగ్గర జానెడు మట్టి ఉంది. అక్కడ దించి, ఓపిగ్గా నిలబడేవాడు. గార్డు ముక్కు నేలకానించి, చుట్టూ తిరిగి, వెనక కాళ్ళు వంచబోతుందనగా మామ నిటారుగా అయ్యేవాడు. స్టేషను రొదలో తన గొంతు తనకు వినబడటానికి ఎడమచెవికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఆయనకు పాత అలవాటు. ఇక్కడా అలాగే పెట్టి, గడ్డం ఎత్తి ప్రకటించేవాడు. "దయచేసి వినండి. మీటరు పక్కన నిలిచి ఉన్న గార్డుగారు ఇప్పుడు ఒంటికి వెళ్ళగలరు." పని కాగానే ఒక బిస్కెట్టు ముక్క. ఇంట్లో తడిస్తే తిట్టేవాడు కాదు. రైలు ముందే వచ్చేస్తే తప్పు ప్రకటన చేసేవాడిదే అని తనే తుడిచేవాడు.

పోనుపోను ఒక వింత జరిగింది. గార్డు మీటరు దగ్గరికి పోయి, చుట్టూ తిరిగి, ఆగి, ఆయన మొహంలోకి చూడటం మొదలుపెట్టింది. ప్రకటన అయ్యేదాకా చుక్క వదలదు. అయిందా, వెంటనే వంగుతుంది. మొదటిసారి అది చూసి మామకు ఒళ్ళు జలదరించింది. కుంకుడుగింజంత బుర్ర, దానికింద తన్నుకొస్తున్న అవసరం, దాన్ని ఆపుకుని ఒక మనిషి కోసం కనిపెట్టుకుని నిలబడటం. రాజుగారి కొలువులో కూడా ఇంత భక్తి ఉండదనిపించింది.

ఆ ఆశ్చర్యం ఆయన దగ్గరే దాచుకుంటే బాగుండేది. వీధంతా చాటాడు. ఇంటావిడ విని, ఆయన మాటనే పట్టుకుంది.

"అన్నయ్యగారూ, అయితే ఆదివారం పొద్దున నా కళ్ళముందు పోయించండి. చెప్పగానే పోతే ఇక్కడే ఉంటుంది. పోకపోతే సాయంత్రానికి మా తమ్ముడి తోటకి పంపించేద్దాం."

"చూస్తూ ఉండమ్మా," అన్నాడు మామ. "అది నా గొంతు వినడానికే పుట్టింది."

శనివారమంతా మంగలి దుకాణంలో, టీ కొట్టులో, ఇస్త్రీబండి దగ్గర ఆ ప్రకటన చేసి చూపించాడు. అడిగినవాళ్ళకు ఒకసారి, అడగనివాళ్ళకు రెండుసార్లు. తెల్లారేసరికి గొంతు పోయింది. నోరు తెరిస్తే పంక్చరైన ట్యూబులోంచి వచ్చినట్టు గాలి తప్ప ఏమీ రావడం లేదు. మిరియాల నీళ్ళు తాగాడు, ఉప్పునీళ్ళు పుక్కిలించాడు. లాభం లేదు. మిషను దగ్గర కూర్చున్న అత్తయ్య తలెత్తకుండా దారం ఎక్కిస్తూ ఒక్కమాటే అంది. "చెయ్యి మాత్రం మామూలుగా పెట్టుకోండి." మామకు అదేమిటో అర్థం కాలేదు. గార్డును గుండెకు హత్తుకుని ఉరికంబం ఎక్కేవాడిలా బయటికి నడిచాడు.

ఇంటావిడ కిందిమెట్టు మీద నిలబడింది. మంగలి కూడా వచ్చాడు, పని మానుకుని. గార్డు మీటరు దగ్గర చుట్టూ తిరిగి, ఆగి, తలెత్తి చూసింది. మామ నోరు తెరిచాడు. గాలి. మళ్ళీ తెరిచాడు. మంగలి ముసిముసిగా నవ్వాడు. గార్డు కాళ్ళు వణుకుతున్నాయి. పాపం, పొట్టనిండా నీళ్ళు. అయినా వదలకుండా ఆయన్నే చూస్తోంది. ఆ చూపుకు మామ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాట బయటికి వస్తోందో లేదోనని, మైకు మొరాయించినప్పటి అలవాటు కొద్దీ, ఆయన చెయ్యి తనంతట తానే చెవి దగ్గరికి పోయింది. గడ్డం లేచింది.

గార్డు వంగింది. దాని మొహంలో దిగిన శాంతి ఋషుల మొహాల్లో కూడా ఉండదు.

మంగలి నవ్వు ఆగిపోయింది. మామ మెల్లగా కుక్కపిల్ల వెనక్కి పోయి, దాని తల వెనక చప్పట్లు కొట్టాడు. ఇంటావిడ ఉలిక్కిపడింది. గార్డు తోక ఊపుకుంటూ మట్టి వాసన చూస్తూనే ఉంది.

"దానికి వినబడదండీ," అంది అత్తయ్య గుమ్మంలోంచి. "పుట్టు చెవుడు. లేకపోతే నా మిషను కింద నిద్రపోతుందా?"

నీకెప్పటినుంచి తెలుసని అడుగుతున్నట్టు మామ చెయ్యి తిప్పాడు.

"మీరు పింఛను ఆఫీసుకి వెళ్ళిన రోజు నుంచి. నేను తీసుకొస్తే నా మొహంలోకి చూస్తూ నిలబడింది. నవ్వులాటకి మీలాగ చెయ్యి పెట్టాను. పోసేసింది." కాస్త ఆగి మళ్ళీ అంది. "ఇన్నాళ్ళకి మళ్ళీ గొంతు సవరించుకుంటున్నారు. ఎలా చెప్పమంటారు?"

మామ ఆ మట్టిలోనే చతికిలబడ్డాడు. కనుబొమ్మ ఎత్తాడు, గార్డు తల వంచింది. వేలు కదిపాడు, దాని కళ్ళు కదిలాయి. స్టేషనులో ఆయన గదికి ప్లాట్‌ఫారం వైపు నిలువెత్తు అద్దాల కిటికీ ఉండేది. ఆయన మాట విని జనం పెట్టెలెత్తుకుని పరిగెత్తేవారు గానీ, చెప్పేదెవరని అద్దం వైపు తల తిప్పినవాడు లేడు. ఈ పిల్ల ఆయన మాట ఒక్కటీ వినలేదు. గడ్డం ఎత్తే తీరు, చేతి వంపు, ఊపిరి తీసేటప్పుడు భుజం కదిలే పద్ధతి, అన్నీ ఎక్కాల్లా బట్టీ పట్టేసింది. ఇన్నేళ్ళలో తనను ఇంత శ్రద్ధగా చదివిన ప్రాణి ఇంకొకటి లేదనిపించి, ఆయన దేవుడి ముందు కూర్చున్నట్టు దాని ముందు కూర్చుండిపోయాడు.

అప్పుడు ఇంటావిడ చేతులు జోడించి, ఈ ఇల్లు నిలిచినన్నాళ్ళూ గార్డుగారు ఇక్కడే ఉంటారని కన్నీళ్ళతో చెప్పింది.

నాలుగు రోజులకు గొంతు వచ్చింది. మామ ఇప్పటికీ చెవికి చెయ్యి పెట్టి ప్రకటన పూర్తిగా చదువుతాడు. వినకపోతే మాత్రం మర్యాద తప్పుతామా అంటాడు. రైలు మాటా? ఆ రైలు ఎలాగూ మా స్టేషనులో ఆగవలసిందే. ఆయనకు జలుబు చేసిన రోజున కూడా ఆగింది.

ఇక కల్పించిందంటారా, ఒక్కటే. ఇంటావిడ చేతులూ జోడించలేదు, ఏడవనూ లేదు. "సరే, కాళ్ళు తుడిచి లోపలికి తీసుకెళ్ళండి, మెట్లు ఇప్పుడే కడిగాను," అని పైకి వెళ్ళిపోయింది. అయితే మెట్ల మలుపులో ఆగి, ఎవరూ చూడటం లేదనుకుని, తన చెవి దగ్గర చెయ్యి పెట్టి చూసింది. గార్డు కింద నుంచి చూసి, అత్తయ్య నిలబడ్డ గుమ్మంలోనే మర్యాదగా వంగింది. ఉన్నదంతా అప్పటికే అయిపోయింది గనక చుక్క పడలేదు, ఇల్లు నిలిచింది.