రొట్టె విరిచే చేతులు

మాంటెనెగ్రో సెర్బియా నుంచి విడిపోవాలా వద్దా అని ఓట్లేసిన మర్నాడే మా ఇంటి పండుగ, వేసవి సెయింట్ నికొలస్ రోజు వచ్చింది. మా ఆయన వుక్సాన్ విడిపోదామన్నాడు, గెలిచాడు. పక్కింట్లో ఉండే మరిది రాడోయె కలిసుందామన్నాడు, ఓడిపోయాడు. ఈస్టర్ నాటి నుంచి అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. నాకు ఇద్దరి మీదా ఒళ్లు మండిపోతోంది.

ఈ పండుగకి మేం ఎవరినీ పిలవకూడదు. రావలసినవాళ్లు వాళ్లంతట వాళ్లే రావాలి. పండుగ రొట్టెని ఇంటి మగవాళ్లు కలిసి పట్టుకుని తిప్పి, తలో వైపు లాగి విరవాలి.

మధ్యాహ్నం దాటినా రాడోయె రాలేదు. మా ఆయన రొట్టె ముట్టుకోకుండా తలుపు వైపే చూస్తున్నాడు.

"పిలవకూడదు సరే, గుమ్మంలో నిలబడి దగ్గకూడదని ఎవరన్నారు?" అన్నాను.

నిజంగానే వెళ్లి దగ్గాడు.

"ఏం అన్నయ్యా, కొత్త దేశం గాలి పడలేదా?" గోడ అవతలి నుంచి రాడోయె గొంతు.

"రొట్టె ఎండిపోతోందిరా."

రాడోయె వచ్చాడు. ఇస్త్రీ చొక్కా అప్పటికే నలిగిపోయి ఉంది. పొద్దుటి నుంచీ తొడుక్కునే కూర్చున్నట్టున్నాడు.

"పాస్‌పోర్టు తేలేదు వదినా."

"చేతులు తెచ్చావుగా, కడుక్కుని రా."

ఇద్దరూ రొట్టె పట్టుకుని తిప్పారు.

"దేశాన్ని విరిచేటప్పుడు నా చెయ్యి అక్కర్లేకపోయింది నీకు," అన్నాడు రాడోయె, రొట్టె వదలకుండా.

"దేశం వేరైతే అయింది. నువ్వు పక్కింట్లోనే ఉన్నావు కదరా," అన్నాడు మా ఆయన. "ఊఁ, లాగు."